సగం విమానం కొనడం ఎలా

టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల మనవాళ్ళకి ఇల్లయింది, గరాజ్‌లో టెస్లా అయింది, పెరట్లో స్విమ్మింగ్ పూల్ కూడా అయింది. ఇక మిగిలింది ఆకాశమే. వారాంతాల్లో ఫ్లయింగ్ స్కూలుకెళ్ళి ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు ప్రతి పొట్లక్‌లోనూ ఒకరిద్దరు తగులుతున్నారు. లైసెన్సు చేతికొచ్చాక అందరికీ ఒకే ఆలోచన వస్తుంది: గంటల లెక్కన అద్దె పోసేకంటే సొంతంగా ఒకటి కొంటే? ధరలు చూశాక రెండో ఆలోచన వస్తుంది: పోనీ, సగం కొంటే? ఆ రెండో ఆలోచన వచ్చినవాళ్ళ కోసమే ఈ సలహాలు. తు.చ. తప్పకుండా పాటించండి.

ఏ విమానం అన్నది పెద్ద ప్రశ్నే కాదు. సెస్నా 172. 1956 నుంచి తయారవుతోంది. నలభై నాలుగు వేలకు పైగా వచ్చాయి. ఇంతకంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం ప్రపంచంలో లేదు. 1986లో కంపెనీ తయారీ ఆపేసి, పదేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. కాబట్టి మీ బడ్జెట్‌లో దొరికేది చాలావరకు మీకంటే వయసులో పెద్దదే అయి ఉంటుంది. డెబ్బైల నాటి దానికి కూడా ఇవాళ లక్ష డాలర్లకు అటూ ఇటూగా అడుగుతున్నారు. పెద్దవాళ్ళని పట్టుకుని వయసెంత, ఒంట్లో ఎలా ఉంది, ఎప్పుడైనా కిందపడ్డారా అని గుచ్చి గుచ్చి అడగడం మన మర్యాద కాదు. విమానం దగ్గరా ఆ మర్యాద నిలబెట్టండి.

అసలు సంగతి భాగస్వామి. దాని కోసం దూరం వెళ్ళకండి. బావమరిది ఉన్నాడా? అంతకంటే యోగ్యుడు లేడు. బావమరిది బతకగోరతాడని సామెతే ఉంది కదా. పైగా విమానం మీద వచ్చే ప్రతి గొడవా మీ ఇంట్లో ఒకసారి, వాళ్ళింట్లో ఒకసారి, అత్తగారితో వీడియో కాల్‌లో మరోసారి విచారణకొస్తుంది. మూడు కోర్టులు, లాయరు ఫీజు సున్నా.

బావమరిది లేనివాళ్ళు అచ్చం తమలాంటివాణ్ణే చూసుకోవాలి. ఒకే ఆఫీసు, ఒకే టీము, పిల్లలది ఒకే స్కూలు. అప్పుడు ఇద్దరికీ తీరిక దొరికేది శనివారం పొద్దున్నే, ఇద్దరికీ సెలవులొచ్చేది థాంక్స్‌గివింగ్‌కే. మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ స్టాండప్ మీటింగుల్లో ఉంటే విమానం హాయిగా విశ్రాంతి తీసుకుంటుంది. నైట్ షిఫ్టులు చేసే నర్సో, రిటైరైన స్కూలు మాస్టారో వచ్చి “నాకు వారం మధ్యలో దొరికితే చాలండీ” అంటే కాఫీ ఇచ్చి సాగనంపండి. వాళ్ళతో మనకి కబుర్లేం కలుస్తాయి?

శనివారం ఎవరిదన్న ప్రశ్న వస్తే చరిత్ర చూడండి. 1903 డిసెంబర్ 14న కిట్టీ హాక్ దగ్గర రైట్ సోదరులు నాణెం ఎగరేసుకున్నారు. విల్బర్ గెలిచాడు, ముక్కు మరీ పైకెత్తాడు, మూడున్నర సెకన్లలో ఇసుకలో దిగబడి విమానం విరగ్గొట్టాడు. ఇద్దరూ కూర్చుని బాగుచేసుకున్నారు. 17న ఆర్విల్ వంతు వచ్చింది, పన్నెండు సెకన్లు ఎగిరాడు, చరిత్రకెక్కాడు. రాతకోతల్లేవు, క్యాలెండర్ యాప్ లేదు, విరగ్గొట్టినవాడు డబ్బు కట్టాలన్న పేచీ లేదు. ఇద్దరూ జీవితాంతం పెళ్ళి చేసుకోలేదన్న చిన్న తేడాని పట్టించుకోకండి.

ఇంకా ధైర్యం కావాలంటే 1958 డిసెంబర్ 4న లాస్ వేగాస్‌లో సెస్నా 172 ఎక్కిన రాబర్ట్ టిమ్, జాన్ కుక్‌లని తలచుకోండి. ఎడారి రోడ్డు మీద పరిగెత్తే ట్రక్కు నుంచి గొట్టం పైకి లాగి పెట్రోలు నింపుకుంటూ, ఫిబ్రవరి 7 దాకా నేలకు దిగకుండా, 64 రోజుల 22 గంటలు ఆ ఇద్దరూ అందులోనే ఉన్నారు. మధ్యలో జనరేటర్ పోయింది. ఒక రాత్రి టిమ్ కునుకు తీస్తే ఆటోపైలటే చాలాసేపు విమానాన్ని నడిపింది. ఆ విమానం ఇప్పటికీ వేగాస్ విమానాశ్రయంలో వేలాడుతోంది. రెండు నెలలు వాళ్ళు సర్దుకున్నప్పుడు వారానికో పూట మనం సర్దుకోలేమా? “ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుంది” అని మీ నాన్నగారు ఫోన్‌లో అంటే, ఆ మాట గొడ్ల గురించి అన్నది నాన్నా, విమానానికి గడ్డి వెయ్యక్కర్లేదు అని సముదాయించండి.

ఎవరి వీసా ఏమిటన్నది అస్సలు అడక్కండి. స్నేహితుల మధ్య కులం అడిగినంత తప్పు. అమెరికాలో విమానం మీ పేరు మీద రిజిస్టర్ కావాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. హెచ్ వన్ బీ మీద ఉన్నవాడు భద్రతా అనుమతి తీసుకుని విమానం నడపడం నేర్చుకోవచ్చు, లైసెన్సూ తెచ్చుకోవచ్చు, యజమాని మాత్రం కాలేడు. ట్రస్టు పెట్టించి చుట్టూ తిరిగి వచ్చే దారి ఉంది గానీ దానికి ఏటా ఖర్చు. ఎల్ఎల్‌సీ పెట్టేద్దాం అంటాడు ఎవరో తెలివైనవాడు. అందులో ఓటుహక్కు డెబ్బై అయిదు శాతం పౌరుల చేతిలో ఉండాలన్న లెక్క వేరే ఉంది, సగం వాటా ఉన్న గ్రీన్ కార్డు భాగస్వామి దగ్గరే అది తప్పుతుంది. ఇవన్నీ అడ్వాన్సు ఇచ్చాక తెలుసుకోండి. ముందే తెలిస్తే ఉత్సాహం తగ్గుతుంది.

ఇక విమానం చూడ్డానికి వెళ్ళే రోజు. రంగు చూడండి. రంగు బాగుంటే విమానం బాగున్నట్టే. లోపల కూర్చుని కొత్త జీపీఎస్ తెర వెలిగించి చూడండి, కళ్ళు చెదిరితే బేరం ఖాయం చేసుకోండి. సీటుని ముందుకీ వెనక్కీ జరిపి చూడ్డం, సీటు కింది పట్టాలకి టార్చి వెయ్యడం వంటి చాదస్తాలు పెట్టుకోకండి. పాత సెస్నాల్లో ఆ పట్టాల చిల్లులు అరిగి కోలగా తయారవుతాయి, పిన్ను జారుతుంది, ముక్కు పైకెత్తే క్షణంలో సీటు వెనక్కి పోతుంది, చేతిలో ఉన్న కంట్రోలు కూడా సీటుతోపాటే వెనక్కొస్తుంది. ఆ పట్టాలని తనిఖీ చేయించి తీరాలని అమెరికాలో విమానాల నిబంధనలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ 1987 నుంచీ ఆదేశిస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా చెబుతున్నారంటే ఈపాటికి ఎవరో ఒకరు చేయించే ఉంటారులెండి.

అమ్మేవాడు చెప్పే మాటల్లో మూడు మీ మనసుకి హత్తుకోవాలి. ఒకటి, “ఓవర్‌హాల్ అయ్యాక నూట యాభై గంటలే తిరిగింది.” రెండు, “ఎప్పుడూ హ్యాంగర్లోనే.” మూడు, “నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచేవాణ్ణి.”

ఈ మూడూ కలిసి వినిపిస్తే వెంటనే చెక్కు రాసెయ్యండి. డెబ్బైల నాటి సెస్నాలోని లైకమింగ్ ఇంజిన్‌కి రెండు వేల గంటల ఆయుష్షు అని కంపెనీ చెబుతుంది. నూట యాభై పోతే ఇంకా పద్దెనిమిది వందల యాభై మిగిలినట్టే కదా, లెక్క తేలిక. ఆ ఓవర్‌హాల్ 1998లో అయిందన్నది వేరే సంగతి. పన్నెండేళ్ళు నిండితే గంటలతో పనిలేకుండా మళ్ళీ విప్పాలని అదే కంపెనీ అదే కాగితంలో చెబుతుంది, ఆ పేరా చదవకండి. ఈ ఇంజిన్లలో కవాటాలని తెరిచే కామ్‌షాఫ్ట్ పైభాగంలో ఉంటుంది. విమానం ఎగరకుండా కూర్చుంటే దాని మీది నూనె నెమ్మదిగా కిందికి జారిపోతుంది, ఒట్టి ఇనుము మీద చెమ్మ చేరుతుంది, తుప్పు పడుతుంది. ఆ తర్వాత తిరిగిన ప్రతి గంటా తుప్పు పట్టిన చోట గీరుకుని లోహపు పొడి ఫిల్టర్లోకి చేరుతుంది. నెలకోసారి పది నిమిషాలు తిప్పితే నూనె సరిగా కాగదు, లోపలి నీరు ఆవిరి కాదు, పైగా కొత్త చెమ్మ చేరుతుంది. అమ్మేవాడు శ్రద్ధగా చేసింది అదే. వారానికి మూడుసార్లు ఫ్లయింగ్ స్కూల్లో నలిగిన ఇంజిన్ కంటే ఏళ్ళ తరబడి తెల్లగుడ్డ కప్పి ఉంచిన ఇంజిన్ మేలని మీరు నమ్ముతున్నారు చూడండి, ఆ నమ్మకమే పాత విమానాల మార్కెట్‌కి ఊపిరి.

మెకానిక్‌తో చూపించుకోమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అలాగే చూపించండి, అయితే ఆ విమానాన్ని ఇన్నాళ్ళూ చూసుకున్న మెకానిక్ చేతే చూపించండి. దాని గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? తను సంతకం పెట్టిన పనిలో తప్పులు తనే వెతికి మీకు చూపిస్తాడు. ఆయన నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ పట్టి ఎనభైకి డెబ్బై అయిదు వచ్చిందంటే ఇంక కామ్‌షాఫ్ట్ ఊసెత్తకండి. కంప్రెషన్ చెప్పేది సిలిండర్ల సంగతి, కామ్‌షాఫ్ట్ సంగతి కాదు అని గొణిగేవాళ్ళుంటారు. ఫిల్టర్ కోసి లోహం ఉందేమో చూద్దాం అనేవాళ్ళూ ఉంటారు. కొత్త ఫిల్టర్ని కోస్తారా ఎవరైనా?

ఊళ్ళో రెండు వందల గజాల స్థలం కొనాలంటే మన మనిషి ముప్పై ఏళ్ళ ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు తెప్పిస్తాడు, తెలిసిన ప్లీడరుకి చూపిస్తాడు, పక్క పొలం వాణ్ణి విచారిస్తాడు. అదే మనిషి లక్ష డాలర్ల విమానానికి లాగ్‌బుక్కులు తిప్పడు. మీరూ తిప్పకండి. 1974 నుంచి 1983 దాకా పుస్తకం పోయిందని అమ్మేవాడు చెబితే “మా ఇంట్లోనూ పాత ఆల్బమ్‌లు పోయాయండీ” అని ఓదార్చండి. విమానం పుట్టిన దగ్గర్నుంచి ఎఫ్ఏఏ దగ్గర చేరిన కాగితాలన్నీ, పెద్ద మరమ్మతో పెద్ద మార్పో జరిగితే దాఖలు చేసే 337 ఫారాలతో సహా, కొద్ది డాలర్లకే ఓక్లహోమా సిటీలోని ఆ సంస్థ కార్యాలయం నుంచి ఎవరికైనా ఇస్తారు. దాని మీద బ్యాంకు అప్పు ఉందా అన్నదీ అక్కడే తేలుతుంది. పాత యజమాని తీర్చని అప్పు విమానంతో పాటు మీ ఇంటికొస్తుంది. అప్పు లేని ఇల్లుందా లోకంలో?

భాగస్వామ్యానికి డబ్బు లెక్క చాలా తేలిక: అన్నీ సగం సగం. హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్సు, పన్నెండు నెలలకోసారి తప్పని యాన్యువల్ తనిఖీ సగం సగమంటే ఎవరైనా ఒప్పుకుంటారు. ఎగిరిన గంటలకయ్యే ఖర్చు కూడా సగమే అనండి. మీరు నెలకో గంట ఎగిరి, అతను పదిహేను గంటలు ఎగిరినా స్నేహంలో లెక్కలేమిటి? ఇంజిన్ కోసం గంటకింతని పక్కన పెడదామని ఎవరైనా అంటే నవ్వెయ్యండి. ఓవర్‌హాల్‌కి ముప్పై వేల డాలర్లనుకున్నా, రెండు వేల గంటల మీద పంచితే గంటకి పదిహేను డాలర్లు. ఆ పదిహేను ఇవాళ జేబులోంచి తీయడం కంటే, ఒక యాన్యువల్ రోజున పదిహేను వేలు ఒక్కసారిగా ఇమ్మని భాగస్వామికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడంలో నాటకీయత ఉంది.

గంట అంటే ఏ గంట అన్నది కూడా తేల్చుకోకండి. విమానంలో రెండు మీటర్లుంటాయి. ట్యాకోమీటర్ ఇంజిన్ వేగాన్ని బట్టి నడుస్తుంది, నేల మీద నెమ్మదిగా దొర్లేటప్పుడు దాని గంట సాగుతుంది. హాబ్స్ మీటర్ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ గోడగడియారంలాగే తిరుగుతుంది. రద్దీగా ఉండే ఎయిర్‌పోర్ట్‌లో క్యూలో నిలబడేవాడు ట్యాక్ గంట అంటాడు, ఇంకొకడు హాబ్స్ గంట అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు. పోట్లాటకి ఇంతకంటే స్వచ్ఛమైన కారణం దొరకదు.

మొదటి వారాంతానికే రెండు కుటుంబాలనీ ఆస్టిన్ తీసుకెళ్ళండి. సీట్లు నాలుగున్నాయి కాబట్టి నలుగురు. 172 మోసే బరువు సుమారు తొమ్మిది వందల పౌండ్లు. ట్యాంకులు నిండా పోస్తే నలభై గ్యాలన్లు, గ్యాలన్‌కి ఆరు పౌండ్లు, అంటే రెండు వందల నలభై. మిగిలింది ఆరు వందల అరవై. నూట డెబ్బై పౌండ్ల చొప్పున నలుగురు పెద్దవాళ్ళంటే ఆరు వందల ఎనభై, ఇంకా ఎవరూ బ్యాగు ఎక్కించలేదు, ఆవకాయ సీసా బయటే ఉంది. ఆగస్టులో టెక్సస్ ఎండకి గాలి పలచబడి రెక్క పట్టు తగ్గుతుంది, రన్‌వే ఎక్కువ తినేస్తుంది. అయినా ఎర్ర బస్సులో టాపు మీద కూర్చుని వెళ్ళిన జాతి మనది, ఇరవై పౌండ్లకి వెనకాడతామా?

తిరిగొచ్చాక వెనక సీట్లో కూర్చున్నవాళ్ళ దగ్గర మనిషికి రెండు వందలు వసూలు చెయ్యండి. ప్రైవేట్ లైసెన్సు ఉన్నవాడు పెట్రోలు, నూనె, ఎయిర్‌పోర్ట్ రుసుముల్లో తన సమాన వాటా తను పెట్టుకోవాల్సిందే, ప్రయాణికుల మీద లాభం తీయకూడదని నిబంధన. నేస్తాల దగ్గర తీసుకుంటే అది లాభమెలా అవుతుంది, చదివింపవుతుంది గానీ. ఇన్సూరెన్సువాడికి ఈ తర్కం నచ్చదు. ఆ మాటకొస్తే వాడికి మీరే పెద్దగా నచ్చరు. ఇద్దరు భాగస్వాముల్లో అనుభవం తక్కువున్నవాణ్ణి చూసి ప్రీమియం కడతాడు. పాలసీ మొదటి పేజీలో మిలియన్ డాలర్లని పెద్ద అక్షరాలతో రాసి, లోపల ప్రయాణికుడికి లక్షే అని చిన్న అక్షరాలతో రాస్తాడు. మీరు మొదటి పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, లోపలి పేజీలు ఎవరూ అడగరు.

హ్యాంగర్లకి వెయిటింగ్ లిస్టు ఉంటుంది. బయట తాళ్ళతో కట్టెయ్యండి. ఉత్తర టెక్సస్‌లో వసంతం వచ్చిందంటే వడగళ్ళు ఎంత లావు పడతాయో మీ ఇంటి కప్పు చెబుతుంది, అల్యూమినియం రెక్క ఇంకా బాగా చెబుతుంది. గాలివేగం కొలిచే పీటో గొట్టానికి తొడుగు వెయ్యడం మర్చిపోతే మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు అందులో కాపురం పెడతాయి. 1996లో డొమినికన్ రిపబ్లిక్ తీరంలో కూలిన బిర్గెన్‌ఎయిర్ 757 ప్రమాదంలో అనుమానం వాటి మీదికే పోయింది. నూట ఎనభై తొమ్మిది మంది పోయారు. తొడుగు వెయ్యాల్సింది ఎవరన్నది భాగస్వాములిద్దరూ ఒకరి మీద ఒకరు పెట్టుకుంటే, అప్పుడా పని చేసేది ఎవరో మీరే ఊహించుకోండి.

ఇంత దూరం వచ్చాక ఎవరో ఒకరు కాగితం మాట ఎత్తుతారు. “మన మధ్య కాగితాలేంట్రా” అని ముఖం చిన్నబుచ్చుకోండి, ఇంకెప్పుడూ ఎత్తరు. ఏఓపీఏ వంటి పైలట్ల సంఘాలు నమూనా ఒప్పందాలు తయారుగా పెట్టాయి. అందులో అడిగే ప్రశ్నలు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒకడు రెక్క గీరితే డిడక్టిబుల్ ఎవరు కట్టాలి? నెల వాటా కట్టనివాడు ఎగరొచ్చా? కొత్త రేడియో కావాలంటే ఎవరి ఓటు చెల్లుతుంది? ఒకడు తన వాటా అమ్ముకోవాలంటే ముందు రెండోవాడికి చెప్పాలా? ధర ఎవరు కట్టాలి, ఏ లెక్కన? ఒకడు పోతే?

ఆ చివరి ప్రశ్న అడిగినవాణ్ణి అపశకునం పక్షి అని వెలివెయ్యండి. ఇక ఏదో ఒక రోజు మీ భాగస్వామికి సియాటిల్ ట్రాన్స్‌ఫర్ వస్తుంది, లేదా ఉద్యోగం పోయి హైదరాబాద్ తిరిగి వెళ్ళాల్సి వస్తుంది. తన యాభై వేలు తనకి ఇప్పుడే కావాలంటాడు. మీ దగ్గర ఉండవు. అతను ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యక్తికి వాటా అమ్ముతానంటాడు, ఆ వ్యక్తి లైసెన్సు పుట్టి ఇంకా వారం కాలేదు. వద్దనడానికి మీ దగ్గర రాసుకున్నదేమీ లేదు. ఈలోగా అతను చేయించిన పనికి మెకానిక్ బిల్లు కట్టలేదు. మెకానిక్ హక్కు సగం విమానం మీద రాదు, మొత్తం విమానం మీద వస్తుంది. ఇంకా అధ్వాన్నమైంది జరిగిందనుకోండి, మీ కొత్త భాగస్వామి అతని భార్య. ఆవిడకి విమానమంటే మొదట్నుంచీ ఇష్టం లేదు, మీరంటే అంతకన్నా ఇష్టం లేదు.

చివరికి విసిగిపోయి విమానం మొత్తం అమ్మేద్దామనుకుంటారు. కొనేవాడు చెక్కుతో వస్తాడు. అమ్మకం పత్రం మీద రిజిస్ట్రేషన్‌లో పేరున్న ప్రతి యజమానీ సంతకం పెట్టాలి. ఒక్కటి తక్కువైనా ఓక్లహోమా సిటీవాళ్ళు ఆ కాగితాన్ని తీసుకోరు.